పెంకూ, పుల్లలూ

గుణుపురం బస్టాండు వెనక
దండాసి మిస్త్రీ బల్ల మీద
నా బేస్ గిటారు పొట్ట తెరుచుకుని పడుంది.
పికప్ చచ్చిపోయింది.
వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ,
ఏడువేల చుట్లలో ఎక్కడో ఒక్కచోట తెగింది,
మొన్న కాశీనగర్ పెళ్లిలో, మూడో పాటకే.
ఎవరూ గమనించలేదు.
చివరిదాకా వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను,
డబ్బులు కూడా తీసుకున్నాను.

మిస్త్రీ రెండు పెట్టాడు నా ముందు.

ఒకటి కొత్తది, అట్టపెట్టెలో,
బరంపురం బస్సు డ్రైవరు చేత తెప్పించింది.
"ఇది పింగాణీ బావూ.
తుప్పుని పిండి సేసి, నొక్కి, కాల్చిన పెంకు.
టీ కప్పుకి సుట్టం. గట్టిగా అరుస్తాది.
డీజే పక్కన నిలబడినా నీ మాట నీకు ఇనబడతాది."
పన్నెండు వందలు.

రెండోది పాతది.
మైనం పట్టిన నల్ల డబ్బా,
పైన ఎనిమిది పుల్లల తలకాయలు.
"అల్యూమినియం, నికెలు, కోబాల్టు కలిపి పోత పోసింది.
అల్నికో అంటారు.
కొండమీది సిలాస్ రయితా మాస్టారి చర్చి గిటారులోది.
గిటారుని సెద తినేసింది, ఇది మిగిలింది.
వయసుకి కొంచెం బలం తగ్గుంటాది.
మెత్తగా మాటాడతాది. అరవమంటే అరవదు."
పద్దెనిమిది వందలు. బేరం లేదు.

చిన్నప్పుడు
పగిలిన రేడియో స్పీకరులోంచి నల్ల బిళ్ల పీకి,
దారం కట్టి,
వంశధార ఇసకలో ఈడ్చుకుంటూ తిరిగేవాణ్ని.
ఇసకలోంచి ఇనప రజను లేచి
బిళ్లకి గడ్డం మొలిచేది.
సాయంత్రానికి మా మాస్టారంత గడ్డం.
అదీ పెంకేనని ఇవాళ తెలిసింది.

"రెండూ పెట్టెయ్,
మెడ దగ్గరొకటి, బ్రిడ్జి దగ్గరొకటి" అన్నాను.
"రెండు పడవల మీద కాళ్లా?" అన్నాడు.
ఏం చెప్పను మిస్త్రీకి.
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
పెళ్లివారు ఎటువాళ్లయితే అటు పాట.
పడవ దిగిన జ్ఞాపకమే లేదు నాకు.
కానీ జేబులో ఉన్నవి రెండువేలే.

కుట్టుసూది తెచ్చి దగ్గర పెట్టి చూపించాడు.
పెంకు బెత్తెడు దూరం నుంచే లాక్కుంది, టప్పున,
అప్పులవాడు చొక్కా పట్టుకున్నట్టు.
పుల్లల దగ్గర సూది కాసేపు ఆలోచించింది,
ఒరిగింది,
అప్పుడు వెళ్లింది.
ఆ ఆలోచించడం నచ్చింది.

నచ్చడానికేం.
రేపు రాత్రి రామనగుడలో ప్రోగ్రాం.
జనరేటరు, డప్పులు, పెళ్లికొడుకు తమ్ముళ్ల ఈలలు.
కీబోర్డు త్రినాథ్ ఎడమచేత్తో
నా వంతు కూడా వాయించేస్తాడు.
అక్కడ మెత్తగా మాట్లాడేవాడి మాట
ఎవడు వింటాడు?
పెంకే న్యాయం.
చెయ్యి పెంకు మీదకే వెళ్లింది.

నోరు మాత్రం పుల్లలంది.

రామనగుడలో ఎప్పటిలాగే ఎవరూ ఏమీ అనలేదు.
సౌండు కుర్రాడు మాత్రం
"అన్నా, నీ లైను ఆన్‌లోనే ఉందా?" అని
రెండుసార్లు అడిగాడు.
తెల్లారగట్ల మూడింటికి వైర్లు చుడుతుంటే,
స్పీకరు పెట్టె పక్కన బరా అమ్ముకునే మనిషి
గిన్నెలు కడుగుతూ ఒడియాలో అడిగింది:
ఇవాళ ఏం వాయించావు బాబూ,
రాత్రంతా నా బకెట్టు నీళ్ల మీద
ఉంగరాలు లేస్తూనే ఉన్నాయి.

పెంకైతే లేచేవి కావా అంటే,
లేచేవేమో.
మిస్త్రీని అడగలేదు.
మిగిలిన రెండొందల్లోంచి ఇరవై తీసి
చల్లారిన బరా ఒక ప్లేటు తిన్నాను,
బకెట్టు కేసి చూస్తూ.
నీళ్లు తేరుకున్నాయి.