కాలువ కట్టేసిన రోజుల్లో

వైశాఖం. లాకుల దిగువన కాలువ కట్టేశారు.
ఒంటి చెప్పు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో సైకిలు చక్రం,
ఏడాదంతా నీళ్ళు దాచినవన్నీ
ఇప్పుడు ఎండకి లెక్క చెబుతున్నాయి.

బంగారయ్య కొట్టు బల్ల మీద
వెంకటపతిరాజు గారి ఫోన్లో అమెరికా.
అప్పు హద్దు మీద తగువట.
ఈ వారం తెగకపోతే
ఆఫీసులకి తాళాలు పడతాయట, జీతాలాగుతాయట.
తాళంచెవి వాడి దగ్గరుందని వీడు,
వీడి దగ్గరుందని వాడు.
రాజుగారి బాధ సిద్ధాంతం కాదు లెండి,
నలభై కౌంటు రొయ్య.
సముద్రం అవతల రేవులో
కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి
ఇంటి దగ్గర కూర్చుంటాడేమోనని.

"మీరు చెప్పండి సెక్రటరీ గారూ!"

ముప్పై ఒక్క ఏళ్ళు సొసైటీ పద్దు రాసినవాణ్ణి.
ఊళ్ళో నా వెనక నన్ను "కుదరదు గారు" అనేవారు.
మా బావమరిది ట్రాక్టరు కాగితం మీద కూడా
కుదరదనే రాశాను, ఎర్ర సిరాతో.
మా ఆవిడ పదకొండు రోజులు మాట్లాడలేదు.
రుణమాఫీ ప్రకటించిన రాత్రి ఊరంతా మతాబాలు.
నేను ఆఫీసులో ఒక్కణ్ణీ కూర్చుని
గడువులోపల కట్టేసిన నూట పద్నాలుగు మంది పేర్లు
పైకి చదువుకున్నాను.
వాళ్ళ మెళ్ళో ఎవరూ దండ వెయ్యలేదు.

అందుకే అక్కడి పొదుపు పార్టీ పేరెత్తితే
ఈ ముసలి చెవి అటు తిరుగుతుంది.
చిన్న సర్కారు, తక్కువ శిస్తు,
ఎవడి గట్టు వాడు వేసుకోవడం,
వినడానికి మా నాన్న మాటలాగే ఉంటుంది.
తీరా పంచాంగం విప్పితే
ఆదాయం అయిదు, వ్యయం ఏడు.
వాళ్ళ ఏలుబడిలోనూ అంతే, వీళ్ళ ఏలుబడిలోనూ అంతే.
రాజపూజ్యం ఎవరికొచ్చినా
అవమానం పుట్టబోయే మనవడి రాశిలో పడుతోంది.
అవతలివాళ్ళు ఖర్చు పెడితే దుబారా,
మనవాళ్ళు పన్ను వదిలేస్తే దయ.
రెండూ ఒక్క గల్లాపెట్టెలోంచే పోయాయి కదండీ!

అదిగో, లాకు గోడ మీద గేజి రాయి చూడండి.
తెల్ల సున్నం మీద నల్ల అంకెలు.
ఎనభై ఆరు వరదలో నీరు ఆ గీత దాటింది.
గడ్డివాములు తేలిపోయాయి, గేదెలు కట్టుగొయ్యలతో సహా పోయాయి.
గీతని మాత్రం ఎవరూ పైకి జరపలేదు.
అక్కడేమో నీరు అందుకున్నప్పుడల్లా
రంగు డబ్బాతో నిచ్చెనెక్కుతారు.
నిచ్చెన ఎవరు పట్టుకోవాలన్నదే పోట్లాట.

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను,
బాగా చెప్పానని.

అప్పుడు కనబడ్డాడు యేసుపాదం,
లస్కరు, కాంట్రాక్టు మనిషి,
మోకాలి దాకా బురదలో నిలబడి
తలుపు మరకి గ్రీజు పట్టిస్తూ.
"జీతం పడిందా?" అని కేకేశాను.
నాలుగు వేళ్ళు చూపించాడు.
నాలుగు వేలనుకున్నాను. నాలుగు నెలలట.
బిల్లు ట్రెజరీలో ఉందట,
హెడ్డు మారిందట, పద్దు కలవలేదట.

టీ చల్లారిపోయింది.

మా నాన్న పిసినారి. ఊరెరిగిన సంగతే.
కోతల రోజున మాత్రం పొద్దు గుంకకముందే
కూలి కొలిచేవాడు, కుంచం నిండుగా, చేత్తో తుడవకుండా.
ఆ తరవాతే ఇంట్లో దీపం, మా అన్నం.
ఇవ్వలేనిది ఒప్పుకునేవాడు కాదు.
ఒప్పుకున్నది ఆపేవాడు కాదు.
ఈ రెండు ముక్కలూ ఎవరైనా ఇంగ్లీషులో రాసిపెడితే
ఆ పెద్ద మేడకి పంపుదును.
ముందు భీమవరం పంపాలి.

రాజుగారి ఫోను మోగింది.
రేటు ఇంకో పది తగ్గిందట.
కాలువలో యేసుపాదం మర తిప్పి చూస్తున్నాడు,
ఒక చుట్టు, రెండు, మూడు,
తలుపు జానెడు లేచింది.
కింద చుక్క నీరు లేదు.

"జూన్ ఒకటికి వదుల్తారండి,
అప్పటికి లేవాలి కదండీ ఇది" అన్నాడు,
నేనేదో అడిగినట్టు.