ఐదు ఆంపియర్ల సాయంత్రం

మా వీధి జనరేటర్ ఆరింటికి దగ్గుతుంది,
ఎనిమిదింటికి గొంతు మూసుకుంటుంది.
ఆ రెండు గంటల్లోనే
బుర్జ్ హమ్మూద్ అంతా నీళ్లు తోడుకుంటుంది,
ఫోన్లు నింపుకుంటుంది,
ఫ్రిజ్‌లో పెరుగుకి ఊపిరి పోసుకుంటుంది.
నేను మాత్రం
ఊళ్లోవాళ్ల పళ్లు దాచిపెడతాను.

నవ్వకండి, నా పని అదే.
కట్టుడుపళ్లు చేసే చిన్న ల్యాబ్,
బేకరీ పైన, రెండో అంతస్తు.
స్కానర్ చూసిన ప్రతి దవడా ఒక ఫైలు.
ప్రతి ఫైలూ ఒకరి రేపటి భోజనం.

పోయిన శీతాకాలం
పాత ల్యాప్‌టాప్ తాబేలు నడక నడిచి నడిచి
తొంభై ఒక్క శాతం దగ్గర
కరెంటుతో పాటే కళ్లు తేలేసింది.
బ్యాటరీ ఎప్పుడో పేరుకే మిగిలింది.
చోటు చాలక, కాపీ బదులు
కట్ చేసి పేస్ట్ చేసిన తెలివి నాదే.
పొద్దున చూస్తే
అరాక్సీ గారి కింది దవడ లేదు.

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి
మళ్లీ మెట్లెక్కి వచ్చి
స్కానర్ ముందు మళ్లీ నోరు తెరిచింది.
"నా పళ్లు రెండుసార్లు ఊడాయే, సిర్వార్ట్," అంది.
తిట్టి ఉంటే బాగుండేది.
ఆ మాట వారం రోజులు
పంటికింద రాయి.

ఎనిమిదో రోజు బార్కెవ్ దుకాణం మెట్టెక్కాను.
వెండిరంగువి పరిచాడు,
దోసకాయ తరగొచ్చు, అంత పలచన.
"ఇవి విందులకి," అన్నాను,
"నాకు కూలికి పోయేది కావాలి."

వెనకగదిలోంచి
ఏదో ఆఫీసు మూడేళ్లు వాడి వదిలేసిన
నల్లటి మొద్దుదాన్ని మోసుకొచ్చాడు.
అందం సంగతి అడక్కండి.
మూత తెరిచి, ఒంటిచేత్తో ఎత్తి ఊపాను.
కీలు కిక్కురుమనలేదు.
బోర్లించాను. మామూలు స్క్రూలు,
ఏ సందు మెకానిక్కి అయినా లొంగేవి.
బ్యాటరీ కొత్తది.
లోపల డిస్కులకి రెండు గూళ్లు:
ఒకటి పోతే ఒకటి అని కాదు,
ఒకటి పోతుందని తెలిసి ఒకటి.

"మరి వేగం?"
అట్టపెట్టె మీది అంకె చూపించాడు.
అంకెలు నేనూ చదవగలను.
సంచిలోంచి నా డిస్కు తీశాను.
"రెండు వందల జీబీ. ఇక్కడే, ఇప్పుడే, నా కళ్లముందే."

మొదటి డ్రైవు లేడిలా లేచింది.
టీ గ్లాసు సగమయ్యేసరికి రొప్పింది.
టీ చల్లారేసరికి
అచ్చం మా ఇంటి తాబేలే.
"ఆరంభశూరుడు," అన్నాను.
బార్కెవ్ వాదించలేదు.
తన సొంత మెషిన్ విప్పి
దానిలోది ఊడదీసి ఇందులో బిగించాడు.
అది గొప్పగా ఏం ఉరకలేదు.
కానీ మొదటి ఫైలుకి ఇచ్చిన మర్యాదే
ఆఖరి ఫైలుకీ ఇచ్చింది.
బేరమాడటం మర్చిపోయాను.

ఇవాళ ఆరూ పదికి మొదలుపెడితే
ఆరూ ఇరవై రెండుకి కాపీ అయిపోయింది.
ఇంకా గంటన్నర వెలుతురు!
ఏం చేసుకోవాలో తోచలేదు.
ఇన్నాళ్లూ పంటి బిగువున గడిపిన గంటలు ఇవి.
తెల్లకోటు గుర్తొచ్చింది,
ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాను.

పక్కగది దర్జీకీ మాకూ కలిపి
చందా ఐదు ఆంపియర్లే.
టప్పున బ్రేకర్ పడింది.
కుట్టుమిషను మధ్యలో ఆగిన చప్పుడు,
ఆ వెంటే హోవ్‌సెప్ గారి తిట్లు.

బల్ల మీద మొద్దుది మాత్రం
తన బ్యాటరీ మీద తను నిలబడి
రాసుకున్న దవడల్ని
ఒక్కొక్కటే మళ్లీ చదివి సరిచూసుకుంటోంది.
చీకట్లో ఆ చిన్న వెలుగు.
పేర్లు పైకి పోతున్నాయి.
అరాక్సీ, కింది దవడ, సరిపోయింది.

హోవ్‌సెప్ గోడ బాదుతున్నాడు.
"వస్తున్నా," అన్నాను.
ఇంకా లేవలేదు.