కాంటా కాడ ఇంగ్లీషు

మిర్యాలగూడ, మిల్లుల రోడ్డు, రాత్రి పదకొండు.
లారీ కాంటా మీదికెక్కంగనే
గది అద్దాలు గజగజలాడుతయి.
ఒక చెవుల ఇయర్‌ఫోన్, ఒక చెవి మిల్లుకు.
రెండోది గూడ ఇస్తే సేటు ఊకోడు.

ఫోన్ల ఒకామె మాట్లాడుతది.
ఏ దేశమో తెల్వదు.
ముప్పావు స్పీడుల పెడితే కల్లు దాగినట్టు సాగదీస్తది,
అసలు స్పీడుల పెడితే
ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్క నా స్టేజీల ఆగకుండ పోతది.

మొదటి నెలంతా కింద అక్షరాలు పెట్టుకొని విన్న.
కండ్లు విన్నయి, చెవులు నిద్రపోయినయి.
ఇప్పుడు అక్షరాలు బందు పెట్టిన.
చీకట్ల బిందె దించుకున్నట్టు
ఒక్కొక్క మాట తడుముకుంట దించుకుంటున్న.

వాళ్ల దిక్కు సన్న చినుకుకొక పేరు, జల్లుకొక పేరు,
ఆగి ఆగి పడేదానికి ఇంకో పేరు.
మా దిక్కు ఊక, తవుడు, నూక, చిట్టు ఉన్నయని
ఆమెకు చెప్పబుద్దయింది.
ఆమెకు నోరే గని చెవులు లేవు.

కొత్త మాట దొరికితే కాంటా చీటీ వెనుక రాస్త.
ముందట బండి నంబరు, తూకం.
వెనుక నా పంట.
'డెట్' అంటే అప్పు. అండ్ల 'బి' పలకదట.
మా దిక్కు మొత్తం అప్పే పలకదు,
అయినా స్పెల్లింగుల ఉంటనే ఉంటది.
'లిసన్' ల 'టీ' పలకదు.
విను అని చెప్పే మాటల్నే
వినపడనిదొకటి దాక్కున్నదని
రాత్రి రెండింటికి చాయ్ గ్లాసు పట్టుకొని ఒక్కదాన్నే నవ్విన.
ఏందక్కా అన్నడు చాయ్ తెచ్చిన సైదులు.
ఈ టీ పలకదంటరా, అన్న.
చక్కెర తక్వైందా, అని గ్లాసు దిక్కు చూసిండు.

అందరు అడుగుతరు, ఎందుకీ తిప్పలు, నౌకరి మారుతవా అని.
మారుత అంట.
అసలు సంగతి వేరే.

మూడేండ్ల కింద, నల్లగొండ దవాఖానల,
మా భిక్షమన్న మంచానికి అటొక డాక్టరు ఇటొక డాక్టరు.
కాళ్ల కాడ నేను.
మా మీదికెల్లి ఇంగ్లీషు
అటు పోయింది, ఇటొచ్చింది,
కరెంటు తీగ లెక్క అందకుండ.
ఒక్క ముక్క చేతికి చిక్కింది: పాలే, పాలే ఏదో.
పాలేరు అనుకున్న.
ఆడ ఏదన్న పెద్ద దవాఖాన ఉన్నదేమో,
తీస్కపొమ్మంటున్నరేమో అని
సార్, పాలేరుకు ఆటో ఎంత తీస్కుంటడు, అని అడిగిన.
వాళ్లు నా దిక్కు చూసిన చూపుకు
ఇంగ్లీషు అక్కర లేకుండె.

ఇయ్యాల పాఠం ముప్పై ఎనిమిది. దవాఖాన మాటలు.
ఆమె అన్నది.
వెనక్కి జరిపిన. మళ్ల అన్నది. మళ్ల జరిపిన.
పదకొండు సార్లు.
మా ఇంట్ల ఎవరన్న అయితే కసురుకుందురు,
ఆమెకు విసుగు రాలె.
పా. లి. య. టివ్.
డిక్షనరీల కొట్టిన.
నయం గాదు, నొప్పి తగ్గించుడు, అని ఉన్నది.
అడుగున సన్నక్షరాల ఆ మాట పుట్టుక:
ఎన్నడో లాటిన్ల, మీద కప్పుకునే బట్ట.

అద్దం అవతల వాన.
డ్రైవరు బస్తాల మీదికి పట్టా గుంజుతున్నడు.
ఒక మూల కప్పితే ఒక మూల లేస్తున్నది.
ఇంటికి తెచ్చినంక నలభై రోజులు
అన్న కాళ్ల మీదికి దుప్పటి గుంజిన.
మాట తెల్వకుండనే గుంజిన.

హారన్ కొట్టిండు. గ్రాస్ ఎంతక్కా?
చెప్పిన. టేర్ చెప్పిన. నెట్ చెప్పిన.
ఈ 'టేర్' ఆమె పాఠాలల్ల ఇంకా రాలె.
ఖాళీ బండి బరువు.
తొమ్మిదేండ్ల సంది దినాం పలుకుతున్న,
ఇంగ్లీషని ఎన్నడు అనుకోలె.

చీటీ చింపి ఇచ్చిన.
ఇచ్చినంక యాదికొచ్చింది,
దాని వెనుకనే రాసుకున్న ఆ మాట.
లారీ అప్పటికే రోడ్డెక్కింది,
పట్టా కింద బియ్యం,
డ్రైవరు జేబుల మా అన్న.