మూలలు లేని గీత

పర్లాకిమిడి దాటాక, మహేంద్రతనయ మీద
పాత వంతెనకి రెయిలింగు నేనే గీశాను.
ఏడేళ్ళయింది.
కొంగలు. వరసగా ముప్పై రెండు కొంగలు,
కొమ్ముబొమ్మల వీధిలో దండపాణి మహారణా
గేదెకొమ్ము అరగదీసి చేసే లాంటివి,
ఇనుములో.
ముక్కులు రోడ్డువైపు.
జనం ఫొటోలు దిగారు. నేనూ దిగాను.

పదకొండో కొంగ ముక్కు
ఓ వానరాత్రి
పాల వ్యాను తలుపులోంచి లోపలికెళ్ళింది.
డ్రైవరు ఇసాకు రయితా, ఇరవై నాలుగేళ్ళు.
బతికాడు.
ఎడమ మోచెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు.
కేసు కాగితంలో అతివేగం అని రాశారు.
ఆ ఒక్క మాట వెనక
నేను చాలాకాలం దాక్కున్నాను.

ఇప్పుడు కొత్తది గియ్యమన్నారు.
గోడ కట్టెయ్, అంటుంది రూల్సు పుస్తకం.
గోడ కడితే ఏరెలా కనిపిస్తుందమ్మా, అంటుంది ఊరు.
బస్సు కిటికీలోంచి ఏటికి దండం పెట్టే చేతులు
సిమెంటుకి పెట్టాలా?

వెల్డింగు తవిటయ్యని అడిగాను.
నల్లద్దాలు నుదుటికెత్తి అన్నాడూ:
"గుద్దిన బండిని అక్కడికక్కడే ఆపేత్తే లోపలోడు సచ్చిపోతాడమ్మా.
ఎద్దు బెదిరితే ఎదురుగా నిలబడతామేటి?
పక్కనుంచి అరచేత్తో తోత్తాం.
దోవలోకి అదే తిరుగుతాది."

ఆ అరచేతిని లెక్కల్లోకి దింపడానికి
పన్నెండు రోజులు పట్టింది.
ఎంత వేగం, ఎంత బరువు, ఎంత వాలు కోణం,
ఎంత వంగాలి, ఎక్కడ వంగకూడదు.
బలం కుదిరింది. రూపం కుదర్లేదు.
జైలు కిటికీలా ఉంది.

పదమూడో రోజు బస్టాండులో నిలబడి
బోర్డు చూస్తున్నా.
పైన ఒడియా, కింద తెలుగు.
రెండూ గుండ్రమే.
తాటాకు మీద గంటం తిన్నగా లాగితే
ఆకు చీలిపోతుందని
చెయ్యి వొంపు తిరిగిందట, ఎవరో చెప్పారు చిన్నప్పుడు.
నిజమో కాదో.
అందం కోసం కాదన్నమాట!
ఆకు చిరక్కూడదని.

టిక్కెట్టు తిప్పి వెనకాల గీశాను.
రోడ్డువైపు మూడు గొట్టాలు, అడ్డంగా, నున్నగా,
చివర్లు నేలలోకి వొంగి దిగిపోతూ.
స్తంభాలు వెనక్కి. బోల్టు తలలు వెనక్కి.
కొంగలూ వెనక్కే,
ఏటివైపు.
బట్టలుతికేవాళ్ళు చూస్తారు, ఇసక తోడేవాళ్ళు చూస్తారు,
మెడదాకా మునిగిన గేదెలు చూస్తాయి.
బస్సులో కూర్చున్న పిల్ల కంటి ఎత్తున
గొట్టానికీ గొట్టానికీ మధ్య ఏమీ లేదు.
అక్కడ నది.

"కొంగలేవీ?" అన్నాడు పెద్ద ఇంజినీరు.
కిందకి దిగి చూడండి సార్, అన్నాను.
దిగలేదు. సంతకం పెట్టాడు.

నిన్న సాయంత్రం, రంగు వెయ్యకముందు,
ఈ చివర నుంచి ఆ చివరకి
కళ్ళు మూసుకుని గొట్టం మీద చెయ్యి రాసుకుంటూ నడిచాను.
వెనకనుంచి పాల వ్యాను హారన్ కొట్టి దాటిపోయింది.
ఇసాకుదో, ఇంకెవరిదో. కళ్ళు తెరవలేదు.
సగం దాటాక ఒక అతుకు దగ్గర
వేలికి చిన్న ముల్లు.

తవిటయ్యా, అని పిలిచాను.
గ్రైండరు తీశాడు.
రవ్వలు ఏట్లోకి రాలాయి,
కొంగల వీపుల మీదుగా.