ఇంకొక్క చుట్టు

తలుపు వేసిన ప్రతిసారీ
లోపలి అట్ట గింజంత కిందికి జారుతుంది.
స్క్రూ తిప్పుతాను. తిరుగుతుంది.
గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది,
మర చచ్చిన బెజ్జం
దేనికీ ఎదురు చెప్పదు.

పాంటిప్రీద్ పైన కొండవాలు,
వానకి తప్ప ఎవరికీ తెరుచుకోని రేకుల షెడ్డు,
అందులో యాభై రెండేళ్ల కారు.
ఒళ్లంతా గాజునార, రెజిన్.
"దీనికి తుప్పు పట్టదు" అని
అమ్మినవాడు పైకప్పు మీద చరిచి మరీ చెప్పాడు.
పట్టనిది తుప్పు ఒక్కటే కాదని చెప్పలేదు.
ఇనుము మొరాయిస్తుంది, కీచుమంటుంది.
ఇది మాత్రం మర్యాదగా
లోలోపల పిండైపోతుంది.

ఇతెల్ వచ్చాడు, డెబ్బై తొమ్మిదేళ్లవాడు,
ఒక చేతిలో డ్రిల్లు, ఒక చేతిలో ఫ్లాస్కు.
లోయ అడుగున ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో
ఇలాంటి ఒళ్లకి పొరలు పరిచినవాడు.
అట్ట ఊడదీసి, వంచిన తీగతో
బెజ్జాల్లోంచి ఒక్కొక్కటే లాగి నా అరచేతిలో పెట్టాడు:
రెండు అగ్గిపుల్లలు,
గోడలకి కొట్టే ఎర్ర ప్లగ్గులో సగం,
రాయైపోయిన చూయింగ్ గమ్ము, దాని మీద ఎవరిదో పంటి గాటు.
స్క్రూలు కూడా ఏటికేడాది లావెక్కాయి.
ఆరో నంబరు పట్టకపోతే ఎనిమిది,
ఎనిమిది పట్టకపోతే పది.

"పట్టించుకోక పాడైంది కాదిది" అన్నాడు.
"పట్టించుకున్నారు. వచ్చిన ప్రతివాడూ.
బిగిసిపోయాక కూడా, భయానికి,
ఇంకొక్క చుట్టు."

నేనేమీ అనలేదు.
నేను బిగించిన జాడీ మూత ఎమ్రిస్‌కి వచ్చేది కాదు.
ఇప్పుడు నాకే రాక
గరిట కాడతో కొడుతుంటాను.

ముందు బెజ్జాన్ని పెద్దది చేయాలట.
చచ్చిన నారంతా రాలిపోయి
డ్రిల్లు గొంతు మారేదాకా.
తెల్లటి పొడి లేచింది. నన్ను ముక్కుకి గుడ్డ కట్టుకోమని
తను కట్టుకోలేదు.
"నాకు దీనివల్ల కొత్తగా వచ్చేదేం లేదులే"
అని, దగ్గి, దగ్గు తగ్గేదాకా
తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఎసిటోన్‌తో తుడిచి, వెనకవైపు టేపు అంటించబోతూ
తలుపు బోలులోకి టార్చి వేసి ఆగిపోయాడు.
పైన అద్దంలాంటి నునుపు, లోపల కొబ్బరిపీచు గరుకు.
ఆ గరుకులో, రెజిన్ తడిగా ఉన్నప్పుడెప్పుడో ఆనిన
బొటనవేలి ముద్ర.
తన వేలు పెట్టి చూశాడు. పట్టలేదు.
"గ్లెనిస్" అన్నాడు.
"చేతితొడుగు వేసుకోమంటే వినేది కాదు."
అంతే.
ఫ్లాస్కు మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టాడు.

తరిగిన గాజునారలో ఎపాక్సీ కలిపాడు
ముద్దపప్పంత చిక్కగా.
అగ్గిపుల్లతోనే కూరాడు, అగ్గిపుల్లకి తగిన పని అదేనంటూ.
ఈ చలికి అది గట్టిపడదు.
నా వేడినీళ్ల సంచి తలుపుకి ఆనించి
పైన దుప్పటి కప్పి
ఆ రాత్రి నేను చల్లటి కాళ్లతో పడుకున్నాను.

మర్నాడు సన్నటి బెజ్జం. స్క్రూకి కొవ్వొత్తి మైనం.
డ్రిల్లు సంచిలో దాచేసి
చేతి స్క్రూడ్రైవరు ఇచ్చాడు.
ఒకసారి ఎక్కించి మర కోశాక, తీసి, అట్ట పెట్టి,
రెండోసారి ముందు వెనక్కి తిప్పమన్నాడు,
టక్కుమని పాత దారిలో పడేదాకా.
పడింది.
ఆ తరవాత చెవికి కాదు, మణికట్టుకి తెలిసింది:
పట్టు.

స్క్రూ తల అట్టని తాకింది. అట్ట కదలడం లేదు.
రేకుల మీద వాన.
చెయ్యి అడుగుతోంది, ఒక్కటంటే ఒక్కటి, పావు చుట్టయినా.

వారిస్తాడేమోనని చూశాను.
ఇతెల్ అవతలివైపు ఉన్నాడు,
టార్చి పళ్లమధ్య పెట్టుకుని
ఏ జబ్బూ లేని రెండో తలుపు స్క్రూలు
ఒక్కొక్కటే విప్పుతున్నాడు.