మసక జ్ఞాపకం గల సగటు మనిషి

మండపేటలో ఎరువుల కొట్టు మేడ మీద నా ఆఫీసు.
మెట్లెక్కిన వాళ్ళు ముందు అడిగేది ఒకటే:
"గట్టు తగాదాలు చూస్తారామ్మా?"
చూస్తానండి, కాకపోతే పేర్ల మధ్య గట్లు.
అర్థం కాక కొందరు దిగిపోతారు,
మంచినీళ్ళు తాగి మరీ.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.
పేరును కళ్ళతో చదవను, నోట్లో వేసుకుని నములుతాను.
మిల్లు మోతలో హమాలీ కేకేస్తే
ఏ అక్షరం నిలుస్తుంది, ఏది ఊకలో పోతుంది,
అది వినాలి.
'శ్రీ' అందరిదీ. 'లక్ష్మి' అందరిదీ. 'గోదావరి' ఏ ఒక్కరిదీ కాదు.
అవన్నీ చెరిగి పోశాక
చేటలో మిగిలిన పిసరంత మీదే
కక్షిదారుకి హక్కు.

చట్టం ఒక మనిషిని ఊహించుకుంది.
మరీ తెలివైనవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు.
రెండు సరుకుల్నీ పక్కపక్కన పెట్టి చూడడు,
ఎప్పుడో చూసినదాన్ని మసగ్గా గుర్తుంచుకుంటాడు.
వాడు పొరబడతాడా, పడడా? మా వాదనంతా అదే.
వాడి తరఫున వేల పేజీలు రాశాను.
ఒక్కసారీ వాణ్ణి కలవలేదు.

మొన్న వైశాఖంలో తాడి బసివిరెడ్డి గారు వచ్చారు,
చంకలో మడతపెట్టిన ఖాళీ బియ్యం సంచి.
సంచి మీద జంట కొంగలు.
"ఆయ్, వాడు బాతులేశాడండి.
ఎర్రముక్కు, మెడ వంపు, అంతా మనదే."
ద్రాక్షారామం దారిలో కొత్త మిల్లట.
మేము నోటీసిస్తే అటునుంచి జవాబు:
కొంగ వేరు, బాతు వేరు, పసిపిల్లాడికైనా తెలుసు.
విచారణ చెన్నైలో, నేనిక్కడ తెర ముందు.
మెడ వంపు దగ్గరకొచ్చేసరికి
కరెంటు పోయింది.

మర్నాడు పొద్దున్నే రెండు సంచులూ పట్టుకుని
కాలవ లాకుల దగ్గర
నూకరత్నం అట్ల బండికి వెళ్ళాను.
"ఏ బియ్యం నానబోస్తావు?"
"పిట్ట బియ్యం."
"ఏ పిట్ట?"
పెనం మీంచి తలెత్తలేదు.
"పిట్టేనండి. కొట్లో అన్నీ పిట్టలేగా."
"మరి నీ సంచి ఎలా పోల్చుకుంటావు?"
"దారం నీలంగా ఉంటాదండి.
తెల్లదారం బియ్యం అట్టు లేవదు, పెనానికి పట్టేస్తాది."

చేతిలో అట్టు చల్లారిపోయింది.
సంచి మూతి కుట్టిన దారం!
బసివిరెడ్డి గారికే తెలీదు.
"అదాండి? తణుకులో చవగ్గా దొరికిందని
మా బామ్మర్ది తెచ్చాడు, పదిహేడేళ్ళయింది,
అప్పట్నుంచీ మార్చలేదంతే."
ఆ బిల్లులు కావాలన్నాను,
చెదలు తిన్నవైనా సరే.

రంగు దారం గుర్తంటే అంత తేలిగ్గా ఒప్పుకోరు.
అభ్యంతరం వస్తుందని తెలుసు,
ఏ మాటల్లో వస్తుందో కూడా తెలుసు.
అయినా రాశాను, ముప్పయ్యో తరగతి, బియ్యం:
'సంచి మూతి పొడవునా నీలి దారపు గొలుసుకుట్టు.'
ఈ ఒక్క వాక్యానికే రాత్రి పదకొండయింది.
కొంగల కేసు నడుస్తూనే ఉంది.
బాతులూ ఎక్కడికీ పోలేదు.

సాక్ష్యం ఇస్తావా అంటే
నూకరత్నం నవ్వింది.
"బియ్యం గురించి నాకేం తెలుసండి."

నిన్న పార్సిల్ కట్టించుకున్నాను.
అరిటాకు మీద కాగితం, కాగితం మీద నాలుగు చుట్లు
నీలి దారం,
సంచిదే, పారెయ్యకుండా ఉండచుట్టి దాచుకున్నది.
సరుకు ఆవిడది, గుర్తు మా కక్షిదారుది.
వేరెవరైనా అయితే
ఈపాటికి నోటీసు వెళ్ళేది.
పళ్ళతో తెంపి
తినేశాను.