రెండు యూరోల కరెంటు

అక్టోబరు చివరి ఆదివారం.
లిమింకా పొలాల మధ్య కాలవలో
నీళ్లు అప్పుడే అంచుల దగ్గర మీగడ కడుతున్నాయి.
హిల్కా తన పాత బండిని షెడ్డులోకి నెట్టి
సీటు విప్పుతోంది.
పది నంబరు స్పానరు, గరుకు కాగితం ముక్క, వాజలీను డబ్బా.
టెర్మినల్ మీద తెల్లగా పూసిన ఉప్పును
ముందు గోటితో గీకి చూసి
తర్వాత కాగితంతో రుద్దుతుంది.

ముందు ఎర్ర తీగ. ఆ తర్వాతే నల్లది.
విప్పేటప్పుడు ముందు నల్లది.
ముప్పై ఏళ్లు టపా బండి నడిపిన చేతులకి
ఈ వరస ఎవరూ చెప్పనక్కర్లేదు,
అయినా పైకి అంటుంది, బండి వినాలన్నట్టు.

చార్జరు అరచేతిలో పట్టేంత.
ముప్పావు ఆంపియరు, అంతే.
గటగటా తాగించే రకం కాదు.
ఉగ్గుగిన్నెతో పోసినట్టు
ఒక చుక్క,
మింగిందో లేదో చూసి ఇంకో చుక్క.
ఆకలితో పడుకున్న బ్యాటరీకి
మైనస్ ముప్పైలో లోపలి నీరు గడ్డకట్టి పొట్ట పగులుతుంది.
కడుపు నిండినదాని జోలికి చలి అంత తొందరగా రాదు.

చిక్కల్లా ప్లగ్గుతోనే.
షెడ్డులో కరెంటు లేదు.
ఉన్నది తైస్తో ఇంటి వెనక గోడకి, కంచె అవతల.
ఆ కంచె గురించే తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు:
మూరెడు నేల, ఒక బిర్చి చెట్టు, సర్వేయరు గీసిన గీత.
అయినా మొదటి చలికాలం
అతని పోస్టు డబ్బాలో ఆమె ఒక కవరు వేసింది.
"ఒక్క ప్లగ్గు. ఏడు నెలలు."
లోపల రెండు యూరోల నాణెం.
మర్నాడు కంచె మీద నారింజ రంగు వైరు వేలాడుతోంది.
అదే జవాబు.

అప్పట్నుంచి ఏటా కవరు, ఏటా వైరు.
ఎలక కొరక్కుండా ఆమె దానికి పాత సైకిలు ట్యూబు తొడిగింది.
తలుపు కింద వేలెడు గాడి కోసింది.

రాత్రి వంటగది కిటికీలోంచి చూస్తే
షెడ్డు అద్దం వెనక ఆకుపచ్చ చుక్క.
మధ్యాహ్నమే చీకటి పడే డిసెంబరులో
పళ్లు తోముకుంటూ దాన్ని చూస్తుంది.
చూస్తున్నానని తనకి కూడా చెప్పుకోదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం చుక్క లేదు.
దీపం కొండెక్కింది అంటాం మనం.
ఈ బల్లపరుపు నేల మీద
ఎక్కడానికి కొండేదీ?

ఆమె ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.
అంటే పోయింది అటువైపు.
బూట్లు తొడుక్కుని, మోకాటి లోతు మంచులో
వైరు పట్టుకుని నడిచింది,
తాడు పట్టుకుని బావిలోకి దిగినట్టు.
కంచె మంచులో మునిగిపోయింది.
ఎక్కడ దాటిందో ఆమెకి తెలీదు.

తైస్తో కోటు వేసుకుని చీకట్లో కూచున్నాడు.
రెండు చేతుల్లో రెండు పింగాణీ ఫ్యూజులు.
"అంకెలు కనబడట్లేదు," అన్నాడు. "పదేదో, పదహారేదో."
శుక్లాలు. ఎవరికీ చెప్పలేదు.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని ఆమె బిగించింది.
పదహారు.
ఫ్రిజ్ మూలిగింది.

కాఫీ పెట్టాడు. చెట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.
"బండెలా ఉంది?" అన్నాడు చాలాసేపటికి.
"తాగుతోంది," అంది.

తిరిగొచ్చి షెడ్డు తలుపు తీస్తే
చార్జరు మీద ఎర్ర చుక్క.
మన ఇళ్లల్లో బియ్యం అయిపోతే
అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు.
బోర్లించిన బకెట్టు మీద కూచుంది
ఎరుపు ఆకుపచ్చ అయ్యేదాకా చూద్దామని.
వేళ్లు కొంకర్లు పోయాయి. అవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది,
ఈ ఏడు కవరు వేయడం మరిచిపోయానని.
వైరు మాత్రం ఎప్పట్లా
అక్టోబరులోనే
కంచె మీద వేలాడింది.